తెర మన వైపు, క్యాలిక్యులేటర్ వాళ్ల వైపు: కురుపాం మార్కెట్‌లో పాత బంగారం అమ్మకం

విశాఖ కురుపాం మార్కెట్ సందుల్లో ఒక తాకట్టు కొట్టుకి చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. పిల్లల ఫీజుల టైమ్‌లో కుదువ పెట్టడం, పంట డబ్బులొచ్చాక విడిపించుకోవడం అన్నీ అక్కడే. పేరు చెప్పను. ఆ కొట్టు నాకు నచ్చింది ఒక్కదానికే: కాటా తెర, బంగారం ఎంత శాతమో చూపించే క్యారెట్ మీటర్ తెర రెండూ మన వైపు తిరిగి ఉంటాయి. అంతకుముందు వెళ్లిన చోట నగ లోపలి గదిలోకి పోయేది, అక్కణ్ణుంచి "ఎనభై వచ్చిందమ్మా" అన్న మాటొక్కటే బయటికొచ్చేది. అలాంటి చోట ఇంక బేరం ఏం ఆడతాం?

గత ఏడాది మా అత్తగారి గాజులు అమ్మాల్సొచ్చింది. హాల్‌మార్క్ లేని కాలం నాటివి, బిల్లూ లేదు. కుర్రాడు ఒక గాజుని మీటర్‌లో పెడితే 83 చూపించింది. తొంగి చూస్తే సరిగ్గా అతుకు ఉన్న చోటే పెట్టాడు. టంకంలో బంగారం తక్కువ కాబట్టి అక్కడ అంకె ఎలాగూ పడిపోతుంది. "కొంచెం పక్కకి జరుపు బాబూ" అన్నాను. 91 వచ్చింది. కుర్రాడు ఓనరు మొహం చూశాడు. ఆయన కాసేపు గీటురాయి మీద గీసి, "కరిగించి చూద్దామమ్మా, మీకూ మాకూ గొడవుండదు" అన్నాడు. ఒప్పుకున్నాను. మీటరు పైపైనే చదువుతుంది, లోపలేముందో కరిగిస్తేనే తేలుతుంది. నా ఎదుటే కరిగించారు. 24 గ్రాముల ముద్ద, 89 శాతం. ఇంత శుభ్రంగా పని చేసే కొట్టు ఇంకోటి ఉండదనిపించింది.

అప్పుడు క్యాలిక్యులేటర్ తీశాడు. దాని తెర మాత్రం ఆయన వైపే.

24 గ్రాముల్లో 89 శాతమంటే 21.36 గ్రాముల మేలిమి అన్నాడు. నిజమే. తర్వాత దాన్ని ఆ రోజు 22 క్యారెట్ల రేటుతో గుణించాడు! మేలిమి అంటే 24 క్యారెట్లు కదా. 22 క్యారెట్లంటే 91.6 శాతమే, ఆ రేటులో కోత ముందే పడి ఉంటుంది. 89 శాతమని ఒకసారి కోసి, 22 రేటు పేరుతో రెండోసారి కోశాడన్నమాట. ఆ 21.36 గ్రాముల మేలిమి 22 క్యారెట్ల బంగారం లెక్కన 23.3 గ్రాములవుతుంది. దగ్గర దగ్గర రెండు గ్రాములు మన కళ్ల ముందే మాయం.

అడిగితే కోప్పడలేదు. "అందరూ ఇలాగే వేస్తారమ్మా, మాకూ ఏదో మిగలాలి కదా" అన్నాడు.

"మిగుల్చుకోండి, కాదనను. ఎంతో నోటితో చెప్పండి, గుణకారంలో కలిపేయకండి" అన్నాను. 24 క్యారెట్ల రేటు మీద 5 శాతం తగ్గిస్తానన్నాడు. 3 దగ్గర తెగింది. డబ్బు బ్యాంకు ఖాతాకే వేశాడు.

అలా దిగొచ్చింది పాత పరిచయం వల్లేనని నా అనుమానం. గాజులు ముద్దయ్యాక మన చేతిలో బేరమంటూ ఏముంది? ఆ ముద్ద పట్టుకుని ఇంకో కొట్టు మెట్లెక్కితే ఎక్కడిదని అనుమానంగా చూస్తారు. కరిగించడానికి ముందే ఏ రేటు, ఎంత కోత అన్నది కాగితం మీద రాయించుకోవాలి. కొత్తవాళ్లకి ఆయన ఏ లెక్క వేస్తాడో నాకైతే తెలిసిపోయింది.

వెండి మాత్రం అక్కడ అమ్మను. కంచాలకి కోసే తరుగు చూస్తే వాటిల్లో అన్నం తినడమే నయం.

మా నగలు పాతవి, బిల్లుల్లేనివి కాబట్టి నాకు ఈ కొట్టు పనికొచ్చింది. హెచ్‌యూఐడీ, అంటే అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే హాల్‌మార్క్ నంబరు, ఉన్న నగైతే ఇంత తతంగం అక్కర్లేదు, ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎన్ని క్యారెట్లో అక్కడే కనిపిస్తుంది. తిరిగి తెచ్చుకోవాలనుకున్న నగకి బ్యాంకే మేలు, వడ్డీ తక్కువ. ఎలాగూ కొత్తది కొనాలనుకునేవాళ్లు పెద్ద షాపుల్లో మార్చుకుంటే కోత ఇంకా తగ్గొచ్చు. మాకు అప్పుడు కావాల్సింది నగ కాదు, డబ్బు.