వాటర్‌మార్కా, చిన్న సైజా? ఆన్‌లైన్‌లో పెట్టే బొమ్మకు ఏది మేలు?

రాత్రులు మేలుకుని వేసిన బొమ్మ ఇంకొకరి పేజీలో, ఇంకొకరి పేరుతో కనిపిస్తే కడుపు మండిపోతుంది. నాకది జరిగింది. కింద మూలన నేను చేసిన సంతకాన్ని కత్తిరించేశారు. చివరి అక్షరం కొమ్ము మాత్రం అంచున మిగిలిపోయింది. ఆ రోజు నుంచి మూలన సంతకం పెట్టి ఊరుకోవడం మానేశాను.

వాటర్‌మార్క్ (బొమ్మ మీద పలచగా వేసే పేరు లేదా గుర్తు) వేస్తే, చెరిపితే బొమ్మే పాడయ్యే చోట వెయ్యాలి. బుగ్గ మీంచి జుట్టులోకి పోయేలా వేస్తే తీయడం కష్టం. ఖాళీ ఆకాశం మీద వేస్తే ఏఐ ఎరేజర్లు క్షణాల్లో తుడిచేస్తాయి. కాకపోతే అది చూసేవాళ్లకీ అడ్డమే. రంగుల మీద ప్రాణం పెట్టేవాళ్లకి మనసొప్పదు.

అంతకంటే చిన్న సైజులో పెట్టడమే నాకు నచ్చిన దారి. లెక్క చూడండి. ఏ4 కాగితం మీద 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల నాణ్యతలో, ప్రింట్ తియ్యాలంటే 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. మీరు 1080 పిక్సెళ్ల వెడల్పుతో పెడితే అదే నాణ్యతలో 3.6 అంగుళాలకు మించి రాదు. ఫోన్‌లో మాత్రం చక్కగానే కనిపిస్తుంది. టీషర్టుకో పోస్టర్‌కో సాగదీస్తే గీతలు అలుక్కుపోతాయి. చిన్న బొమ్మను పెద్దది చేసే ఏఐ అప్‌స్కేలర్లు వచ్చాక ఈ అడ్డు కొంత పలచబడింది, నిజమే. కానీ అవి సన్నని గీతల్ని సొంతంగా ఊహించి నింపుతాయి, పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

రైట్‌క్లిక్ ఆపడం దండగ, స్క్రీన్‌షాట్ ఉందిగా. మెటాడేటాలో (ఫైలు లోపల దాగి ఉండే వివరాల్లో) పేరు రాయడం మంచిదే కానీ, చాలా సోషల్ మీడియా సైట్లు అప్‌లోడ్ చేయగానే దాన్ని తీసేస్తాయి.

గ్లేజ్ సంగతి వేరు. షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఉచితంగా విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ బొమ్మను ఎత్తుకుపోకుండా ఆపదు. మీ శైలిని ఏఐ నేర్చుకోబోతే దాన్ని తికమక పెడుతుంది. చదునైన రంగులున్న బొమ్మల్లో దాని మరకలు కాస్త ఎక్కువగా కనబడతాయి. మీ భయం శైలి గురించే అయితే వాడండి.

సరదాకి వేసిన స్కెచ్‌కు సైజు తగ్గిస్తే చాలు. అమ్ముదామనుకున్న బొమ్మకు మాత్రం చిన్న సైజు, పలచటి వాటర్‌మార్క్ రెండూ ఉండాలంటాను. పెద్ద ఫైలు లేయర్లతో (బొమ్మను విడివిడిగా వేసుకున్న పొరలతో) సహా మీ దగ్గరే దాచుకోండి. నా బొమ్మ విషయంలో పనికొచ్చింది అదే. అడుగున ఉన్న పెన్సిల్ గీతల లేయర్ కూడా కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పంపాను, మర్నాటికి ఆ పోస్ట్ తీసేశారు.