ఒంటి తాడు మీద చెట్టెక్కడానికి ఏ పరికరం? రోప్ రెంచ్, రోప్ రన్నర్, జిగ్‌జాగ్‌లతో నా అనుభవం

చెట్టెక్కే పరికరాల గురించి అడిగేవారు ముందు ఎక్కడం గురించే అడుగుతారు. ఒంటి తాడు మీద పైకి ఎక్కడానికి దాదాపు ఏ పరికరమైనా సరిపోతుంది. మోకాలికొకటి, పాదానికొకటి అసెండర్ (పైకి జరుగుతుంది, కిందికి జారకుండా తాడును కరుచుకుంటుంది) తగిలించుకుంటే మెట్లెక్కినట్టు ఎక్కేయవచ్చు. అప్పుడు నడుము దగ్గరి ఘర్షణ పరికరం చేసే పనల్లా మనతో పాటు పైకి జరగడమే. దాని అసలు గుణం దిగేటప్పుడు తెలుస్తుంది. కొమ్మ చివరిదాకా వెళ్లి మళ్లీ కాండం దగ్గరకు వచ్చేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

నేను వృత్తిరీత్యా చెట్లు కొట్టేవాడిని కాను. అట్లాంటాలో ఉంటూ వారాంతాల్లో సరదాకు ఎక్కుతాను. ఈ సరదాకు ఈ ఊరే పుట్టిల్లనవచ్చు. చెట్ల సంరక్షణ వృత్తిలో ఉన్న పీటర్ జెన్కిన్స్ 1983లో ఇక్కడే ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్ స్థాపించి మామూలు జనానికి చెట్టెక్కడం నేర్పించాడు. వైట్ ఓక్, టులిప్ పాప్లర్, లాబ్లాలీ పైన్ నేను ఎక్కువగా ఎక్కే చెట్లు. రోప్ రెంచ్, రోప్ రన్నర్, చికేన్ (పైన అదనపు ఘర్షణ ఇచ్చే ముక్క) జోడించిన జిగ్‌జాగ్, మూడింటినీ ఏళ్ల తరబడి వాడాను. ఇప్పటికీ నా సంచిలో మొదట పడేది రోప్ రెంచే. ఎందుకో చెబుతాను.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూడాలి. పాత పద్ధతిలో తాడును కొమ్మ మీదుగా వేసి, రెండు పాయల మధ్య వేలాడతాం. బరువు రెండు పాయలకూ పంచుకుంటుంది కాబట్టి మనల్ని పట్టి ఉంచే ముడి (ఎక్కే తాడు చుట్టూ ఒక సన్న తాడుతో కట్టేది) మీద సుమారు సగమే పడుతుంది. ఒంటి తాడు పద్ధతిలో ఒక కొస పైన కొమ్మకో, కింద చెట్టు మొదట్లోనో కట్టి ఉంటుంది, తాడు కదలదు, మనమే దాని మీద కదులుతాం. మొత్తం బరువు ముడి మీదే. ఎనభై కిలోల మనిషి వేలాడితే ఆ ముడి ఎంత గట్టిగా బిగుసుకుంటుందంటే, వేళ్లతో లాగినా కదలదు. బలవంతంగా కదిపితే ఒక్కసారిగా జారుతుంది, ఆ జారుడుకు సన్న తాడు వేడెక్కి పైపొర మెరుస్తూ గట్టిపడిపోతుంది.

కెవిన్ బింగ్‌హామ్ రూపొందించిన రోప్ రెంచ్ దీనికి చెప్పిన జవాబు చాలా చిన్నది. ముడికి కొంచెం పైన తాడును వంకర తిప్పే లోహపు ముక్క, దాన్ని నడుముకు కలిపే బిరుసైన పట్టీ, అంతే. మనం వేలాడితే పట్టీ రెంచ్‌ను కిందికి లాగుతుంది, రెంచ్ తాడును వంచుతుంది, ఆ వంపులోని ఘర్షణ బరువులో కొంత మోస్తుంది. ముడికి మిగిలింది పాత పద్ధతిలో అలవాటైనంత భారమే. పైకి కదిలేటప్పుడు బిరుసు పట్టీ రెంచ్‌ను పైకి నెడుతుంది, వంపు పోతుంది, తాడు నిటారుగా దూసుకుపోతుంది. ప్రాణాన్ని పట్టి ఉంచేది మాత్రం ముడే. రెంచ్ దానికి సహాయకారి, దానికి బదులు కాదు. కొత్తవారు ఇది మరచిపోకూడదు.

రోప్ రన్నర్ కూడా బింగ్‌హామ్ ఆలోచనే. అందులో ముడి ఉండదు, పని మొత్తం లోహానిదే. తాడు మధ్యలో ఎక్కడైనా తెరిచి తగిలించవచ్చు, పై భాగాన్ని చేత్తో నొక్కితే కిందికి దిగుతుంది. జిగ్‌జాగ్ పెట్జెల్ అనే కంపెనీ వారిది. లోహపు లింకులను గొలుసులా పేర్చి ముడి చేసే పనిని వాటితో చేయిస్తుంది. అది మొదట రెండు పాయల పద్ధతికి పుట్టింది. ఒంటి తాడు మీద దిగాలంటే పైన చికేన్ ఉండి తీరాలి.

మూడింటికీ అసలు తేడా తాడుతో వాటికి కుదిరే పొత్తులో ఉంది. దుకాణాల పట్టికల్లో 11 మిల్లీమీటర్ల నుంచి 13 దాకా అని ఒక వరుస రాసి ఉంటుంది. ఆ లెక్క సరిపోయినంత మాత్రాన కథ తీరదు. 11.7 మిల్లీమీటర్ల తాళ్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి వేళ్ల మధ్య నొక్కితే చదునవుతుంది, ఇంకొకటి కర్రలా నిలబడుతుంది. మెత్తని తాడు మీద లోహపు పరికరం కరుచుకుపోయి కుదుపులు కుదుపులుగా దిగుతుంది. గట్టి తాడు కొత్తగా ఉన్నప్పుడు పట్టు తగ్గి అనుకున్నదానికంటే వేగంగా జారుతుంది. అదే తాడు ఒక వేసవి గడిచి పైపొర నూగుదేలాక పూర్తిగా వేరే తాడులా ప్రవర్తిస్తుంది. రోప్ రన్నర్‌కు సరిగ్గా కుదిరే తాడు దొరికేదాకా నేను చాలా విసుగుపడ్డాను. దొరికాక మాత్రం దాని నడక చూసి ముచ్చటపడ్డాను, అది వేరే మాట.

ముడి దగ్గర ఈ బాధ తక్కువ. నేను ఎక్కువగా వాడేది వీటీ అనే ముడి: పైన నాలుగు చుట్లు, కింద జడలా రెండు అల్లికలు. జులైలో అట్లాంటా గాలి తడిబట్టలా ఉన్నప్పుడు తాడు ఉబ్బి ముడి మొండికేస్తుంది, అప్పుడు ఒక అల్లిక తగ్గిస్తాను. జనవరి పొడిగాలిలో ఒక చుట్టు కలుపుతాను. నేలకు రెండడుగుల ఎత్తున కూర్చుని ఊగి చూసి, పట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టడానికి పట్టే సమయం నిమిషం. లోహపు పరికరంతో ఆ వెసులుబాటు లేదు, దానికి తగిన తాడును మనమే వెతుక్కోవాలి.

ముడి కట్టే సన్న తాడు దేనితో చేసినదో చూసి మరీ కొనండి. ఆరమిడ్ నార కరగదు. పాలియెస్టర్ 250 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. డైనీమా వంటి పాలిథిలిన్ నారలు 150 దగ్గరే కరుగుతాయి, ఎంత బలమైనవైనా ఘర్షణ ముడికి పనికిరావు. ఇక అరుగుదల. సన్న తాడు తన ముసలితనాన్ని దాచదు. ముడి విప్పి వేళ్ల మధ్య వంచితే, మెరుస్తున్న చోట చిన్నగా చిటపటమంటుంది, పైపోగులు విరిగి గోరుకు తగులుతాయి. ఆ శబ్దం వినగానే దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేస్తాను, కొత్తదానికి అయ్యేది కొద్ది డబ్బే. లోహం లోపల ఎంత అరిగిందో చెప్పాలంటే తయారీదారు ఇచ్చిన కొలతలతో పోల్చి చూసుకోవాలి. లాబ్లాలీ పైన్ జిగురు కీళ్లలో చేరితే ఆ చూపు కూడా కష్టమే.

దిగేటప్పుడు ఒక విషయం మూడింటికీ ఉమ్మడి. పైన ఉన్నప్పుడు కింద వేలాడే తాడు ముప్పై మీటర్లయితే మూడు కిలోల దాకా తూగుతుంది. ఆ బరువే తాడును కిందికి పట్టి ఉంచుతుంది కాబట్టి పరికరం తనంతట తాను జరుగుతుంది, దిగుడు కూడా నెమ్మదిస్తుంది. నేల దగ్గరపడేకొద్దీ ఆ సాయం పోతుంది. పట్టు అదే ఉన్నా వేగం పెరిగినట్టనిపిస్తుంది. మళ్లీ ఎక్కడం మొదలుపెడితే మొదటి రెండు మూడు మీటర్లు తాడు కూడా మనతో లేచి వస్తుంది, దాన్ని పాదాలతో తొక్కి పట్టాలి. ఇంకొకటి, భయంతో గట్టిగా పట్టుకుంటే ఆగే ఏర్పాటు వీటిలో లేదు. ముడినైనా, మీటనైనా బిగించి పట్టుకుంటే మరింత కిందికే పోతాం. చెయ్యి వదలడమే ఆగడం. ఇది తలకు కాదు, చేతికి ఎక్కాలి. కాబట్టి తక్కువ ఎత్తులో విసుగొచ్చేదాకా సాధన చేయండి. తాడు కొసన ఆపుడు ముడి మాత్రం ఎన్నడూ మానవద్దు.

చెట్టు మొదట్లో తాడు కట్టేవారు పరికరంతో పాటు కొమ్మను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక పాయలో మన బరువు, కట్టిన పాయలో దాన్ని పట్టి ఉంచే లాగుడు కలిసి పై కొమ్మ మీద మన బరువుకు దాదాపు రెట్టింపు పడుతుంది. కుదుపులుగా దిగే పరికరమైతే ఆ కుదుపులూ అంతే పెరుగుతాయి.

ఇంటి నుంచి ఫోను చేసేవారు అడిగే ప్రశ్న ఒకటుంది: ఇవి మన కల్లుగీత కార్మికులకు పనికొస్తాయా అని. రావు. తాటిచెట్టుకు తాడు విసరడానికి కొమ్మే లేదు. అక్కడ మోకు కాండాన్ని చుట్టి, మనిషి వెనక్కి వాలిన బరువుతో కాండాన్నే పట్టుకుంటుంది. ఘర్షణ ఒకటే, దాన్ని వాడుకునే చోటు వేరు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి విడిగా కిట్లు పంచడం మొదలుపెట్టింది, అదే సరైన దారి.

ఇక కొనుగోలు మాట. రోజంతా చెట్టు మీద పనిచేస్తూ, తాడు మధ్యలో పదేపదే తగిలించి తీసేవారికి రోప్ రన్నర్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. వేళ్ల శ్రమ తగ్గుతుంది, ముడి కట్టే సమయం మిగులుతుంది. ఇప్పటికే జిగ్‌జాగ్ ఉండి, రెండు పద్ధతులూ వాడేవారు చికేన్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. వారానికోసారి ఎక్కే నాలాంటివారు, కొత్తగా మొదలుపెట్టేవారు రోప్ రెంచ్, దానికి సరిపడే బిరుసు పట్టీ, ముడి కింద ఉండే చిన్న పుల్లీ, రెండు కొసలా ఉచ్చుల్లాంటి కళ్లున్న ఆరమిడ్ సన్న తాళ్లు రెండు తీసుకోండి. వీటీ ముడికి 75 సెంటీమీటర్ల పొడవు నాకు సరిగ్గా సరిపోయింది. పాత పరికరం చవగ్గా వస్తుందని తెలియనివారి దగ్గర కొనవద్దు. తాడు మీద మాత్రం పొదుపు చూడకండి. వీలైతే రెండు మూడు రకాల ముక్కలు అడిగి తెచ్చుకుని, మీ పరికరంలో పెట్టి వేలాడి చూశాకే మొత్తం చుట్ట కొనండి.