పిట్టల మేత గొట్టం: కడప పెరట్లో మూడు నెలల వాడకం

కార్తీకం చివర్లో 450 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ మేత గొట్టాన్ని కడపలోని మా పెరటి జామచెట్టుకు వేలాడదీసి, మూడు నెలలు వాడిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను. అర కిలో గింజలు పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, దానికి నాలుగు కన్నాలు, ఒక్కో కన్నం కింద పిట్ట నిలబడడానికి చిన్న పుల్ల, అడుగున పళ్లెం, పైన మూత ఉంటాయి.

మొదటి పది రోజులు ఒక్క పిట్ట కూడా దగ్గరికి రాలేదు. పిచ్చుకలు కొత్త వస్తువును తొందరగా నమ్మవు కనుక కొన్నవారు నిరాశపడి తీసేయకూడదు. మా అమ్మ చెప్పినట్టు, కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పండిన వరికంకులను కుచ్చుగా కట్టి పక్కనే వేలాడదీస్తే, పిచ్చుకలు ముందు కంకులకు, ఆ తర్వాత గొట్టానికి అలవాటు పడ్డాయి. కొర్రలు పోశాక మునియాలు అనే చిన్న గింజతిండి పిట్టలు కూడా వచ్చాయి. వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరంలో పిచ్చుక కొర్రగింజను ముక్కు అంచున దొర్లించి, పొట్టును పక్కకు జార్చి, లోపలి బియ్యాన్ని మాత్రమే మింగడం స్పష్టంగా కనిపిస్తుంది. మగపిచ్చుక గొంతు కింది నల్లమచ్చ చలికాలం మొదట్లో బూడిదరంగు ఈకల కొనల చాటున మసకగా ఉండి, ఆ కొనలు అరిగేకొద్దీ నల్లగా తేలుతుందని చదివి ఉన్నాను గానీ, కళ్లారా చూసింది మాత్రం ఈ గొట్టం పుణ్యానే.

గువ్వలకు ఈ పుల్లలు చాలవు. అవి కింద రాలిన గింజలే ఏరుకుంటాయి కాబట్టి, పిల్లి పొంచి ఉండగల పొదలకు దూరంగా కట్టుకోవాలి. పిగిలిపిట్టకు (బుల్‌బుల్) గింజలు పట్టవు, దానికి పండిన జామముక్క పెట్టాలి.

అసలు లోపం మూతలో ఉంది. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలు సరిగ్గా ఈ కాలంలోనే పడతాయి. డిసెంబరులో ముసురు పట్టినప్పుడు మూత సందుల్లోంచి నీళ్లు దిగి, పళ్లేనికి నీరు పోయే దారి లేక, రెండు రోజుల్లో కొర్రలన్నీ ఉబ్బి బూజు పట్టాయి. బూజు పట్టిన గింజలు తింటే పిట్టలు జబ్బుపడతాయి కనుక మొత్తం పారబోశాను. అమ్మినవారికి రాస్తే జవాబు రాలేదు. కాల్చిన మేకుతో పళ్లేనికి ఆరు రంధ్రాలు పెట్టి, మూత మీద పాత స్టీలు పళ్లెం బోర్లించాక గానీ ఇబ్బంది తీరలేదు. ఇది తయారుచేసినవారే చేయవలసిన పని.

ఐదుకు మూడు మార్కులు వేస్తాను. అడుగు భాగం ఊడివస్తుంది కనుక వారానికోసారి వేడినీళ్లతో కడిగి ఎండబెట్టడం సులువే. ఆ ఓపిక ఉన్నవారు కొనవచ్చు, లేనివారికి వరికంకుల కుచ్చే మేలు.