బస్సులు లేని రోజుల్లో రేడియేషన్: ఒక క్యాన్సర్ ఆసుపత్రి సేవలపై సమీక్ష

దేవరకొండలో ఉండే మా మేనమామకు బుగ్గ లోపలి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే 2020 మార్చి లాక్‌డౌన్ వచ్చింది. రేడియేషన్ కోసం హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాము. ఆపరేషన్ తర్వాత దాదాపు 6 వారాల్లోగా రేడియేషన్ మొదలుపెట్టాలి. మొదలైన తర్వాత వారానికి 5 రోజుల చొప్పున సుమారు 30 సిట్టింగులు ఎడం లేకుండా సాగాలి, ఎందుకంటే మధ్యలో విరామం వస్తే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు అంతకు ముందుకన్నా వేగంగా పెరుగుతాయి. కాబట్టి ఆ రోజుల్లో ఏ ఆసుపత్రినైనా అంచనా వేయవలసింది చికిత్సను ఆగకుండా నడిపిందా లేదా అన్నదానిని బట్టే.

ఆ విషయంలో ఈ ఆసుపత్రికి నిండు మార్కులు ఇస్తాను. పోలీసుల పాసు కోసం కావలసిన పత్రాన్ని అడిగిన రోజే ఇచ్చారు, రోజూ నల్లగొండ జిల్లా నుంచి వచ్చిపోవడం కుదరదని గ్రహించి దగ్గరలోనే బస చూపించారు. రేడియేషన్ సమయంలో తలను కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ అచ్చు ముఖం మీద బిగిస్తారు, దాని కింద మాస్కు పెట్టుకోవడం వీలుకాదు. అందుకే ప్రతి రోగి తర్వాత బల్లను తుడిచి, జ్వరం, దగ్గు ఉన్నవారిని అన్నిటికన్నా చివర పిలిచేవారు. ఒకసారి యంత్రం మొరాయించి సిట్టింగు తప్పితే, మరొక రోజు 6 గంటలకు పైగా ఎడం ఉంచి రెండు సిట్టింగులు ఇచ్చి ఆ లోటు పూడ్చారు.

చికిత్స ముగిశాక ఫోన్, వీడియో ద్వారా అందిన సేవ మాత్రం ఆ స్థాయిలో లేదు. నోరు పూసి, ముక్కు గొట్టం ద్వారా జావ తాగుతూ, రెండు వేళ్ళు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోయిన మనిషిని ఫోన్‌లో "ఎలా ఉన్నారు?" అని అడిగితే ఆయన ఏమని చెప్పగలడు? ఆయన తరఫున మేము మాట్లాడాము, కానీ నోటి లోపలి పుండును వీడియోలో చూపించడం మా వల్ల కాలేదు. మెడలో గడ్డ ఉందో లేదో చేత్తో తడిమి చూడవలసిందే తప్ప తెరమీద తేలే సంగతి కాదు. మింగడానికి, దవడ తెరవడానికి చేయవలసిన వ్యాయామాలను ఒక కాగితం మీద రాసి పంపారు, అదీ ఇంగ్లీషులో. బిల్లులో పీపీఈ కిట్ల పేరుతో వేసిన మొత్తానికి సరైన వివరణ ఎంత అడిగినా రాలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి రేడియేషన్ కోసం వెళ్ళేవారికి ఈ ఆసుపత్రిని సందేహం లేకుండా సూచిస్తాను. వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడుతుంది గనుక, చికిత్స ముగిశాక జరిగే పరీక్షలకు మాత్రం ఫోన్ సలహాతో సరిపెట్టుకోకుండా, దారి ఖర్చు ఎంతైనా సరే, రోగిని వెంటబెట్టుకుని వెళ్ళి డాక్టరు చేత మెడ, నోరు పరీక్ష చేయించుకోవాలి.