‘ఇంట్లోనే ఉండండి’, ‘అప్రమత్తంగా ఉండండి’: నేను విన్న రెండు ఆదేశాలు

కరోనా వ్యాపిస్తున్న వేళ, 2020 మార్చి 23 రాత్రి అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో చెప్పిన మాట ఒక్కటే: ఇంట్లోనే ఉండండి. నిత్యావసరాలకు, వైద్యానికి, ఇంటి నుంచి చేయలేని ఉద్యోగానికి, రోజుకొకసారి వ్యాయామానికి తప్ప గడప దాటకూడదన్న ఆ ఆజ్ఞ కఠినమైనదే అయినా, అందులో సందేహానికి చోటు లేదు. అందరికీ నియమం ఒకటే కావడం వల్లనేమో, గురువారం రాత్రి 8 గంటలకు వాకిళ్లలో నిలబడి ఆరోగ్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టినప్పుడు, అంతవరకు పలకరింపైనా ఎరుగని ఇరుగుపొరుగు వారు నాకు అయినవాళ్లలా అనిపించారు.

మే 10న జాన్సన్ ప్రసంగంతో వచ్చిన ‘అప్రమత్తంగా ఉండండి’ అన్న నినాదం కొంత వెసులుబాటు తెచ్చింది. మే 13 నుంచి ఇంగ్లండులో వేరే ఇంటి మనిషిని ఒకరిని ఆరుబయట, 2 మీటర్ల దూరం పాటిస్తూ కలిసే వీలు కలిగింది. ఒంటరిగా బతికేవారికి అది ఎంత ఊరటో నాకు తెలుసు.

అయినా నేను మొదటి ఆదేశం వైపే మొగ్గుతాను. కంటికి కనిపించని వైరస్ విషయంలో అప్రమత్తత అంటే ఏమి చేయాలో రెండో మాట చెప్పలేదు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వాలు పాత నినాదాన్నే కొనసాగించడంతో సరిహద్దుకు ఇటొక మాట, అటొక మాట అయింది. ఇంటి నుంచి పని చేయలేనివారు పనికి వెళ్లాలని, కానీ వీలైనంతవరకు బస్సులు, రైళ్లు ఎక్కవద్దని మే 10 నాటి ప్రసంగంలోనే జాన్సన్ చెప్పినప్పుడు, కారు లేని కార్మికునికి దారి ఏదన్న ప్రశ్న నన్ను ఎంతగానో బాధించింది.