నమీబియాలో ఎలాండ్ వేట: మేం చూసిన రెండు ఫార్మ్‌లు

నమీబియాకి ఎలాండ్ (ఆఫ్రికాలో ఉండే చాలా పెద్ద జింక) వేటకు వెళ్లేవాళ్లు ఫార్మ్ వాళ్లు, అంటే డబ్బు తీసుకుని తమ భూముల్లో వేట ఆడించేవాళ్లు, పంపే కొమ్ముల ఫొటోలు పక్కన పెట్టి, వేట ఎలా చేయిస్తారో ముందు అడగండి. జోహన్నెస్‌బర్గ్‌లో ఉండే మా బావతో వెళ్లి రెండు చోట్ల ఉన్నాం. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

మొదటిది రాజధాని విండ్‌హోక్‌కి దగ్గర. గదులు, భోజనం బ్రహ్మాండం. కానీ వేట అంటే నీళ్ల గుంట దగ్గర చాటున కూర్చోబెట్టడమే. దాహంతో వచ్చిన జంతువుని కాల్చడానికి బావకి మనసొప్పలేదు, నాకూ అంతే. పైగా తుపాకీ అద్దె ముందు చెప్పకుండా బిల్లులో కలిపారు. సొంత తుపాకీ తెచ్చుకుంటే ఎయిర్‌పోర్టులోనే పోలీసుల దగ్గర తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, దానికి టైమ్ ఉంచుకోండి.

రెండోది ఒట్జివారోంగో ఊరు దాటాక, వాటర్‌బర్గ్ కొండల వైపు. మట్టి రోడ్డు, మామూలు గదులు, జూలై చలికి రెండు రగ్గులు కప్పుకున్నా వణుకే. శాకాహారులకి తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాం, ఎందుకంటే ట్రాకర్ పొద్దున్నే జాడ పట్టి నడిపిస్తాడు. కొమ్ములతో విరిచిన కొమ్మ కనబడితే ఆకు వాడిందా లేదా చూస్తాడు, పేడ వేళ్లతో చిదిమి ఎంతసేపయిందో చెబుతాడు. ఎలాండ్ పోతు 600 నుంచి 900 కిలోలు, మన మనుబోతుకి రెండింతలు దాటుతుంది, కానీ ఒకసారి బెదిరిందంటే గంటల తరబడి ఆగకుండా పోతూనే ఉంటుంది. పొదల వెనక నడుస్తుంటే ఎలాండ్ కాళ్ల నుంచి వచ్చే టక్ టక్‌మనే చప్పుడు మాకు ముందు వినబడింది, తర్వాతే బూడిద రంగు మెడ, నుదుటి మీద నల్లటి కుచ్చు కనబడ్డాయి. అది ముసలి పోతు అని ట్రాకర్ నిర్ధారించాకే బావని కాల్చనిచ్చారు. గుండె బాగా కిందికి ఉంటుంది కాబట్టి భుజం మీద ఎత్తుగా గురి పెట్టొద్దని ముందే నేర్పారు, ఒక్క గుండుకే పడింది. దాన్ని బక్కీలోకి (పికప్ ట్రక్) ఎక్కించడానికి వించ్, అంటే తాడుతో లాగే యంత్రం, వాడాల్సి వచ్చింది. మాంసం ఫార్మ్‌దే, పనివాళ్లకీ పంచారు.

సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబరు 30 దాకా. రిజిస్టరైన వేట గైడ్ వెంట ఉండాల్సిందే. రోజువారీ ఛార్జీ వేరు, కాల్చిన జంతువుకి ఫీజు వేరు. గాయపడి తప్పించుకున్నా మామూలుగా పూర్తి ఫీజు కట్టించుకుంటారు, ఆ షరతు అడ్వాన్స్ ఇచ్చే ముందే రాయించుకోండి.