డప్పు పాటకు రీప్లగ్స్ చాలు, చెవి మాత్రం మీదే

బతుకమ్మ దగ్గర పడితే వరంగల్, హన్మకొండల్లో ఇంటి గదులే స్టూడియోలవుతాయి. ఆ పనికి కాకోస్ కంపెనీ ఉచితంగా ఇచ్చే రీప్లగ్స్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించి శబ్దాన్ని సరిచేసే ప్లగిన్ల కట్ట) సరిపోతాయి. వాటి బూడిదరంగు ముఖం చూస్తే కొనబుద్ధి కాదు; నయం, కొనక్కర్లేదు.

వాటిలో అసలు సరుకు రీఫిర్, హోరు తీసేసేది. ఫ్యాను ఆపితే పాడేవాళ్లకు ఉక్కపోత, ఆపకపోతే మైకులో హోరు. పాటకు ముందు మూడు నాలుగు సెకన్లు ఉత్త హోరు రికార్డు చేసుకోండి. రీఫిర్‌లో సబ్‌ట్రాక్ట్ మోడ్ పెట్టి, నాయిస్ ప్రొఫైల్‌ (హోరు నమూనా) దగ్గర టిక్ చేసి, ఆ ముక్క మాత్రమే వినిపించండి. గొంతు రాకముందే టిక్ తీసేయాలి. మరిచిపోతే గొంతును కూడా హోరు కిందే లెక్కగట్టి కోసేస్తుంది. మాట నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. సరిగ్గా చేసినా మాటల చివర బుడగల చప్పుడు వస్తుంటే, కంట్రోల్ కీ నొక్కి తెర మీది హోరు గీతను మొత్తంగా కిందికి లాగి కొంత హోరు వదిలేయండి. డప్పు మోగాక అది వినపడదు. బయటి ఆటో హారన్‌ను ఇదేం చేయలేదు. ఒకే తీరుగా సాగే చప్పుడే దీనికి చిక్కుతుంది. రీఫిర్‌ను కంప్రెసర్‌కు (పెద్ద చప్పుళ్లను అణచే ప్లగిన్‌కు) ముందే పెట్టాలి, తర్వాతైతే హోరు మట్టం మారిపోతూ ప్రొఫైల్ కుదరదు.

ఆ కంప్రెసరే రీకాంప్. అందులో ఎక్కువమంది చెడగొట్టేది అటాక్, అంటే అణచడం ఎంత త్వరగా మొదలవ్వాలో చెప్పేది. డప్పుకు దాన్ని 1 మిల్లీసెకనుకు దించితే సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ చచ్చి, అట్టపెట్టె కొట్టినట్టవుతుంది. 20 నుంచి 30 మధ్య పెట్టి, 4:1 నిష్పత్తిలో 4, 5 డెసిబెల్స్ తగ్గేలా చూస్తే చాలు. డోలు, గొంతు ఒకే ట్రాక్‌లో ఉంటే డోలు పడ్డప్పుడల్లా గొంతు కుంగుతుంది. డిటెక్టర్ హైపాస్‌ను (ఎప్పుడు అణచాలో తేల్చేటప్పుడు కింది శబ్దాలను పట్టించుకోకుండా చేసేదాన్ని) 120 హెర్ట్జ్‌కు పెంచండి. తగ్గిన శబ్దాన్ని తనంతట తానే పెంచే ఆటో మేకప్ ఆపేయండి. పెద్దగా వినిపించేదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది.

కింది, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్యూ ప్లగిన్ రీఈక్యూ గురించి చెప్పడానికి పెద్దగా లేదు: గొంతుకు 90 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కిందివి కోసేది), గది డొల్లగా మోగితే 300 దగ్గర 3 డెసిబెల్స్ కోత, కరెంటు గుయ్యి ఉంటే 50, 100, 150 దగ్గర సన్నని నాచ్‌లు (ఆ ఒక్కచోటే కోతలు). డప్పుతోనే తంటా. మంట మీద కాచినప్పుడు బిగిసిన తోలు చల్లారేకొద్దీ సడలి, శ్రుతి దిగుతుంది. మొదటి టేకుకు కుదిరిన ఈక్యూ నాలుగో టేకుకు కుదరదు. మళ్లీ కాచి కొట్టించడమే దారి, ప్లగిన్‌తో శ్రుతి ఎక్కదు.

లోటు ఒకటుంది: స, శ, ష బుసలు తగ్గించే డీఎస్సర్ విడిగా లేదు. రీఎక్స్‌కాంప్‌తో (శబ్దాన్ని బ్యాండులుగా విడగొట్టి అణచే కంప్రెసర్‌తో) 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ బ్యాండును అణచొచ్చు గానీ తలనొప్పి పని. టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్ల ఉచిత నోవాలో అదే పని ఒక బ్యాండుకు త్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే హద్దు) పెడితే అయిపోతుంది.

కాకోస్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ వాడేవాళ్లకు రీప్లగ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. విడిగా దొరికేది విండోస్‌కే, 32, 64 బిట్ వేర్వేరుగా. మీ సాఫ్ట్‌వేర్ ఎన్ని బిట్లదో చూసి దించుకోండి, తప్పితే జాబితాలోనే కనబడవు. ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా నడవవు.